పక్క పోర్షన్‌లో నవ్వులు

ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల్లో వేదవతి పేరు వినని వాళ్ళు చిక్కడపల్లిలో చాలా తక్కువ. బడి వదిలాక పిల్లాడు ఎక్కడుంటాడు, ఎవరు చూస్తారు అని ఏ ఆఫీసులో ఏ ఆడమనిషి బెంగపెట్టుకున్నా పక్క సీటావిడ ఆ పేరే చెప్పేది. సాయంత్రం అయ్యేసరికి నారాయణగూడ నుంచీ, అశోక్‌నగర్ నుంచీ బడి రిక్షాలు ఆవిడ సందులోకి తిరిగేవి. రిక్షా ఆగీ ఆగకముందే పిల్లలు కిందికి దూకేవాళ్ళు. గేటు దగ్గర తోసుకునేవాళ్ళు, జడలు లాక్కునేవాళ్ళు. గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి మాత్రం అందరూ నెమ్మదించేవాళ్ళు. ఆ నెమ్మదించడమే వేదవతి గొప్ప.

ఆవిడది బందరు. పెళ్ళయి జగన్నాథరావుగారి వెంట ఈ ఊరొచ్చి పాతికేళ్ళయినా మాటలో బందరు పోలేదు, ఆవిడ పోనివ్వలేదు కూడా. ఒక్కడే కొడుకు. వాడు వరంగల్ హాస్టల్‌కి చదువుకోవడానికి వెళ్ళిన ఏడాది ఇల్లు బోసిపోయి, సాయంత్రాలు ఏం తోచేది కాదు. అప్పుడే నాలుగిళ్ళ అవతల ఉండే దమయంతి, బషీర్‌బాగ్‌లో ఏదో ఆఫీసులో పనిచేసేది, తన కూతురు హారతిని సాయంత్రం దాకా కాస్త చూసిపెట్టమని అడిగింది. అలా మొదలైంది. ఒకరు ఇద్దరయ్యారు, ఇద్దరు పదిమందయ్యారు. ఇదంతా తొంభైల మొదట్లో సంగతి. డే కేర్ అన్న మాట అప్పుడప్పుడే బోర్డులకెక్కుతోంది. వేదవతి బోర్డు పెట్టలేదు. ఆంటీ అని కూడా పిలిపించుకోలేదు. "ఆంటీ ఏమిటర్రా, శుభ్రంగా పిన్నీ అనండి" అనేది.

పిన్ని ఇంట్లో పద్ధతులుండేవి. చెప్పులు గోడవారగా వరసలో విప్పాలి. పెరటి కుళాయి దగ్గర కాళ్ళూ మొహం కడుక్కోవాలి. ఫలహారం పారెయ్యకుండా తినాలి. తరవాత హోంవర్కు, ఆ తరవాత ఆట. ఆట అంటే కూర్చుని ఆడేదే. కొట్టడం, తిట్టడం ఆవిడ దగ్గర లేవు. ఒక్కొక్క పిల్లకీ పిల్లాడికీ ఒక పాత పాలడబ్బా ఇచ్చి, దాని మీద పేరు రాసి అలమరలో పెట్టింది. మంచి పని చేస్తే డబ్బాలో చింతగింజ పడేది. అల్లరి చేస్తే ఒక గింజ బయటికి పోయేది. శనివారంనాడు ఎవరి డబ్బా ఎక్కువ బరువుంటే వాళ్ళు కోరిన ఫలహారం సోమవారం చేసేది. ఆ చింతగింజ కోసం పిల్లలు పడిన పాట్లు చూసి జగన్నాథరావుగారు, "మా ఆఫీసులో కూడా ఇది పెడితే ఫైళ్ళు కదులుతాయే" అనేవారు.

ఫణికిరణ్ అని అయిదో తరగతి పిల్లాడుండేవాడు. వాణ్ణి బళ్ళో మాస్టర్లు ఏనాడో వదిలేశారు. అలాంటివాడు వేదవతి ఇంట్లో బాసింపట్టు వేసుకుని ఎక్కాలు చెప్పేవాడు. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి అది చూసి, "ఇంట్లో మా మాట ఒక్కటి వినడండీ, మీరేం మంత్రం వేస్తారో" అనేది. ఆ మాట కోసం వేదవతి పొద్దుటినుంచీ ఎదురు చూసేది. తల్లులిచ్చేదాంతో ఇల్లేమీ గడవక్కర్లేదు. ఈ మాటతోనే ఆవిడకు గడిచేది.

ఆ వేసవికి ముందు కాంపౌండులో వెనక పోర్షన్ ఖాళీ అయింది. ఇల్లుగలాయన విశ్వేశ్వరరావుగారు మేడ మీద ఉండేవారు. ఆయన ఆ పోర్షన్‌ని రామచంద్రయ్య అనే అతనికి అద్దెకిచ్చారు. అతనిది పాలమూరు వైపు ఊరు, రాంనగర్‌లో కరెంటు సామాన్ల దుకాణం. భార్య మహేశ్వరి. ముప్ఫై నిండలేదు. ఇద్దరు మగపిల్లలు, చింటు, గణేశ్. సామాను దించిన రోజే మహేశ్వరి వచ్చి, "అమ్మా, జర చక్కెరుంటే ఇస్తరా, మాదింకా ఏ సంచిల ఉన్నదో తెల్వది" అని అడిగింది. చక్కెర ఇవ్వడానికి వేదవతికేం అభ్యంతరం లేదు. అమ్మా అన్నదే ఎక్కడో గుచ్చుకుంది. తనేం అంత ముసలిదయిపోయిందని?

గుచ్చుకున్నది మరిచిపోయేదే. మరిచిపోనివ్వనిది మహేశ్వరి నవ్వు. ఆ మనిషి మెల్లగా నవ్వడం ఎరగదు. కొడుకులతో కలిసి గచ్చు మీద గోళీలాడుతూ నవ్వేది, ఓడిపోయి నవ్వేది, కూర మాడిపోతే అందుకూ నవ్వేది. రెండు పోర్షన్లకీ మధ్య ఒకటే గోడ. ఇక్కడ పిల్లలు లెక్కలు చేసుకుంటుంటే అక్కడ నవ్వు పేలేది. పది తలకాయలూ ఒక్కసారి పైకి లేచేవి. వేదవతి కిటికీ మూసేది. మండుటెండల్లో కిటికీ ఎందుకు మూశావని జగన్నాథరావుగారు అడిగితే, దుమ్ము అనేది.

కిటికీ మూస్తే పిల్లలాగుతారా? ఆట వేళకి ఒక్కసారి వెనక్కి వెళ్ళొస్తామని ఫణికిరణ్ అడిగాడు. వేదవతి ఉదారంగా సరేనంది. పెద్దమనసు చూపించడంలో కూడా ఒక దర్జా ఉంటుంది కదా. వెళ్ళినవాళ్ళు చీకటిపడేవేళ మోకాళ్ళ నిండా మట్టితో, చెమటతో, ఎర్రగా కందిన మొహాలతో వచ్చారు. వచ్చినప్పటినుంచీ ఒకటే మాట, అక్క ఇలా అంది, అక్క అలా చేసింది. ఆ మనిషి అక్క అయింది, తను పిన్ని! మర్నాడు హారతి హోంవర్కు మధ్యలో తలెత్తి, "పిన్నీ, గట్ల కాదు, ఇట్ల చెయ్యాలె అని అక్క చెప్పింది" అంది. మూడో తరగతి పిల్ల. తన ఒళ్ళో కూర్చుని అ ఆలు దిద్దిన పిల్ల. వేదవతికి ఒళ్ళు భగ్గుమంది.

"గట్ల ఏమిటే, అలా అను" అంది.

"అక్క గట్లనే అంటది" అంది హారతి.

అసూయ అని ఎవరైనా అంటే వేదవతి ఒప్పుకునేది కాదు. తనది బాధ్యత. పిల్లలు పాడైపోతారని బెంగ. కాని ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు వంటింట్లో నిలబడి ఆ పక్కనుంచి ఏం వినిపిస్తుందా అని చెవి గోడకానించి వినడంలో ఏం బాధ్యత ఉందో ఆ తల్లికే తెలియాలి. మహేశ్వరి జడ వదులుగా అల్లుకుంటే తప్పు. గిన్నెలు చప్పుడు చేస్తే తప్పు. కొడుకుల్ని వాళ్ళూ వీళ్ళూ చూస్తుండగా ముద్దుపెట్టుకుంటే మరీ తప్పు. "ఆ పిల్లలకి పద్ధతి లేదు, చూశారా, గోడలెక్కుతారు" అని మొగుడితో అంటే, ఆయన పేపరు దించకుండా, "మనవాడూ ఎక్కేవాడుగా" అన్నారు. ఆ రాత్రి ఆయనకి మజ్జిగలో ఉప్పు పడలేదు.

పోటీకి దిగింది. సున్నుండలు చేసింది. కజ్జికాయలు చేసింది. పండక్కి తప్ప బయటికి తియ్యని నెయ్యి తీసింది. పిల్లలు రెండు బుగ్గల్లోనూ కుక్కుకుని, నీళ్ళు తాగేసి, "ఇంక పోవచ్చా పిన్నీ?" అనేవాళ్ళు. తొందరగా తింటే తొందరగా వెళ్ళొచ్చని వాళ్ళ లెక్క. ఎంత రుచిగా చేస్తే అంత తొందరగా ఇల్లు ఖాళీ అయ్యేది. ఇంతకన్నా అన్యాయం ఇంకోటుందా?

చింతపండు రోజులొచ్చాయి. మహేశ్వరికి వాళ్ళ ఊరినుంచి కొత్త చింతపండు వచ్చింది. బస్తా పెరట్లో కుమ్మరించి, కత్తిపీట ముందేసుకుని గింజ తీయడానికి కూర్చుంది. పిల్లలు చుట్టూ చేరారు. ఆవిడ కొడుతుంటే వీళ్ళు గింజలేరారు. మధ్యమధ్య చింతపండు నాకి, పళ్ళు పులిసి కేకలు పెట్టారు. ఆ కేకలన్నీ గోడ ఇవతలికి వచ్చాయి.

ఆ శనివారం వేదవతి అలమర తెరిచి డబ్బాలు తీయబోతే ఒక్కటీ లేవలేదు. పది డబ్బాలూ గొంతు దాకా చింతగింజలు. హారతి డబ్బా మూత కూడా పడటంలేదు. వెనక్కి తిరిగి చూస్తే పిల్లలందరూ చేతులు కట్టుకుని వరసగా కూర్చున్నారు. ఫణికిరణ్ కళ్ళు రెండూ ఇంతింత చేసుకుని, "ఈ వారం అందరం మంచిగున్నం పిన్నీ" అన్నాడు. ఆ వెంటనే సోమవారానికి ఒకడు బజ్జీలడిగాడు, ఒకతె పాయసం అడిగింది, ఇంకొకడు ఐస్‌క్రీమ్ అన్నాడు. జగన్నాథరావుగారు కళ్ళజోడు జారిపోయేలా నవ్వారు. వేదవతి ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు పెరట్లోకి వెళ్ళి అడిగింది. మహేశ్వరి బట్టలారేస్తూ, "గింజలా? పోరలు అడిగిన్రు, ఇచ్చిన. పారేసేటివే కదమ్మా" అంది. తరవాత సంగతి తెలిసి, చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని విరగబడి నవ్వింది. "అబ్బ, గా ఫణిగాడు మస్తు షైతాన్ ఉన్నడు!"

ఆవిడకు నిజంగానే ఏమీ తెలియదు. కాని వేదవతి తెలిసే చేసిందని తేల్చుకుంది. ఇన్నేళ్ళు కట్టుకున్న పద్ధతిని నాలుగు దోసిళ్ళ గింజలతో కూల్చేసి, పైగా నవ్వుతుందా? ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి గవ్వల మూట తీసింది. బందరు నుంచి తెచ్చుకున్న తెల్ల గవ్వలు. ఈ ఊళ్ళో ఎవరి పెరట్లోనూ దొరకవు. చింతగింజలన్నీ పొయ్యి కింద పడ్డాయి. మళ్ళీ కొత్త లెక్క మొదలైంది. పోనీ పిల్లల్ని వెనక్కి వెళ్ళొద్దంటే? అదీ అనలేదు. అంటే తల్లులడుగుతారు, ఎందుకని. ఏం చెప్తుంది? వాళ్ళక్కడ బాగా నవ్వుతున్నారని చెప్తుందా?

తల్లులు గమనించనే గమనించారు. ఒక సాయంత్రం ఫణికిరణ్ వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి మొహమాటంగా, "శనివారాలు ఆ వెనకావిడ దగ్గర ఉంచుతానండీ, వాడు ఒకటే గోల. మీరేం అనుకోకండి" అంది. అనుకోనని వేదవతి నవ్వింది. లోపలికొచ్చి పప్పుగిన్నె ఠప్పున దించింది. ఇవాళ ఫణి. రేపు ఇంకొకరు. ఎల్లుండి హారతి. ఆ మూడో పేరు దగ్గర లెక్క ఆపేసింది.

అప్పట్నుంచి హారతిని పక్కకు పిలిచి అడగడం మొదలుపెట్టింది, అక్కడ ఏం చేశారే అని. మొదటిరోజు హారతి సంబరంగా, "అక్క మక్క గారెలు చేసింది పిన్నీ, భలే ఉన్నయి" అంది. వేదవతి మొహం ముడుచుకుపోయింది. "సరే, వెళ్ళి చదువుకో" అంది. ఇంకోరోజు ఆ పిల్ల, "గణేశ్ గోడెక్కి పడ్డాడు. అక్క చూడనే లేదు" అంది. వేదవతి దగ్గరకు లాక్కుని, తల నిమిరి, "చూశావా! ఉన్నదున్నట్టు చెప్పావు, నా బంగారుతల్లివి" అని డబ్బాలో గవ్వ వేసింది. ఆ పైన అక్క హోంవర్కు చేయించలేదన్నందుకు గవ్వ. అక్క చింటుని కొట్టిందన్నందుకు గవ్వ. అక్క బళ్ళో టీచర్లని వెక్కిరించిందన్నందుకు రెండు. హారతి డబ్బా నిండుతోంది. అందులో నిజమెంతో, పిల్ల కల్పన ఎంతో వేదవతి ఆలోచించలేదు. వినడానికి అంత కమ్మగా ఉంటే ఎవరాలోచిస్తారు?

హారతి పుట్టినరోజు వచ్చింది. దమయంతి గులాబీరంగు గౌను కుట్టించింది. చాక్లెట్ల పొట్లం చేతికిచ్చి అందరికీ పంచుకోమంది. వేదవతి ఆవేళ పొద్దున్నే లేచి పిల్లకి ఇష్టమని రవ్వలడ్డు చేసింది. గుమ్మంలో నిలబడి చూస్తోంది. రిక్షా దిగింది హారతి. గౌను రెండు చేతులా పట్టుకుని, పిన్ని గుమ్మం దాటుకుని, సరాసరి వెనక పోర్షన్‌కి పరిగెత్తింది. క్షణంలో అక్కడినుంచి ఆ నవ్వు. "వచ్చె వచ్చె, మా గులాబి పువ్వు వచ్చె!" అని మహేశ్వరి గొంతు.

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది వేదవతికి. లడ్డు పళ్ళెం లోపల పెట్టేసింది. హారతి వచ్చి చాక్లెట్ చాపితే, "నాకెందుకులే, ముందు ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చావుగా" అంది. తరవాత ఆ పిల్ల వైపు చూడలేదు. అందరికీ ఫలహారం పెట్టింది, హారతికీ పెట్టింది, పళ్ళెం చేతికివ్వకుండా నేలమీద పెట్టి వెళ్ళిపోయింది. పుట్టినరోజు పిల్ల. ఎనిమిది నిండి తొమ్మిదోది. కొత్తగౌనులో మూల కూర్చుని సాయంత్రమంతా పిన్ని మొహం చూస్తూనే ఉంది.

దీపాలు పెట్టేవేళ హారతి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చింది.

"పిన్నీ, ఒకటి చెప్పనా?"

వేదవతి వెనక్కి తిరగకుండా గిన్నె కడుగుతూనే ఉంది.

"అక్క నాకు... అక్క వాళ్ళింట్ల మటన్ కూర పెట్టింది. నేను వద్దన్నా పెట్టింది."

వేదవతి చటుక్కున తిరిగింది. దమయంతి ఇంట్లో ఉల్లిపాయ కూడా వారాలు చూసుకుని తింటారు. నీసు వాసనకే ఆ ఇంటివాళ్ళు వీధి మారతారు. పిల్లని రెండు చేతులా పొదివి పట్టుకుంది. "ఎంత పని చేసిందమ్మా! నువ్వు చెప్పి మంచిపని చేశావు తల్లీ" అని గుప్పెడు గవ్వలు తీసి డబ్బాలో పోసింది. లోపల పెట్టిన లడ్డు తీసి నోటికందించింది. పైకి అయ్యో అయ్యో అంటోంది గాని, లోపల ఎంత సంతోషంగా ఉందో ఎవరికీ చెప్పుకోలేనంత సంతోషంగా ఉంది.

దమయంతి చెవిన వేయడానికి ఆవిడ చెప్పులు విప్పేదాకా కూడా ఆగలేదు.

ఆ తరవాత పెరట్లో జరిగింది సందంతా విన్నది. దమయంతి ఆఫీసు బ్యాగుతోనే వెళ్ళి అరిచింది. మహేశ్వరి మొదట అర్థంకాక చూసింది, అర్థమయ్యాక నడుం బిగించింది.

"మేం తింటం. తినమని ఎవరికన్న జెప్పినమా? కానీ పక్కోళ్ళ పిల్లకు పెట్టేంత అకల్ లేనిదాన్నా నేను? పిలువున్రి పిల్లను. నా మొకం జూసి చెప్పమనున్రి!"

"పుట్టినరోజునాడు పిల్లని ఈ రొచ్చులోకి లాగను" అంది దమయంతి.

అప్పుడు వేదవతి ముందుకొచ్చింది. "హారతి అబద్ధమాడదు. అది నా దగ్గర పెరిగిన పిల్ల" అంది. ఆ మాటతో గొడవ తేలిపోయింది. విశ్వేశ్వరరావుగారు మేడమెట్లు దిగి, ఇలాంటివి తన కాంపౌండులో కుదరవనీ, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమనీ రామచంద్రయ్యకు చెప్పేశారు. చింటు, గణేశ్ తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డారు.

ఇక నవ్వులు లేవు. కిటికీ బార్లా తెరిచినా ఏమీ వినపడటంలేదు. పిల్లలు తలలు వంచుకుని హోంవర్కు చేసుకుంటున్నారు. ఫణికిరణ్ శనివారం కూడా ఇక్కడికే వస్తున్నాడు, మాట్లాడకుండా గోడకానుకుని కూర్చుంటున్నాడు. వేదవతి గెలిచింది. రెండురోజులు పాటపాడుకుంటూ వంట చేసింది కూడా. జగన్నాథరావుగారు మాత్రం, "ఇల్లు మారడమంటే మాటలా, రెండుమూడు నెలలన్నా కాలేదు పాపం వాళ్ళొచ్చి" అని గొణిగారు. "మీకు జాలి ఎక్కువ" అంది వేదవతి.

నెలాఖరు దగ్గరపడింది. ఆ సాయంత్రం మహేశ్వరి పెరట్లో కూర్చుని గిన్నెలు గోనెసంచుల్లో పెడుతోంది. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిన హారతి కుళాయి కట్టకుండా అది చూస్తూ నిలబడిపోయింది. నీళ్ళు పారిపోతున్నాయని వేదవతి వెళ్ళి కుళాయి కట్టి, పిల్లని లోపలికి తీసుకొచ్చింది.

"పిన్నీ, వాళ్ళెందుకు పోతున్నరు?"

"నీకు పెట్టకూడనిది పెట్టింది కదమ్మా. అందుకు."

హారతి కాసేపు గౌను అంచు నలిపింది. తరవాత చాలా చిన్న గొంతుతో, "పెట్టలేదు పిన్నీ" అంది.

వేదవతి పిల్ల గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "మరి పెట్టిందని ఎందుకు చెప్పావే?"

"ఆ రోజు మీరు నాతో మాట్లాడలేదు." పిల్ల వెక్కుతోంది. "అక్క మంచిదంటే మీకు కోపమొస్తుంది. అక్క మంచిది కాదంటే మీరు నవ్వుతారు, నన్ను దగ్గరికి తీసుకుంటారు. ఏం చెప్పాలో నాకు తెలీలేదు. చానా చెడ్డది చెప్తే ఎక్కువ నవ్వుతారనుకున్నా."

వేదవతి పిల్ల ఎదురుగా నేలమీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల తనది కాకుండా పోతోందని కదా కుళ్ళి చచ్చింది! పిల్ల ఎక్కడికీ పోలేదు. తన మొహం మీదికి ఒక నవ్వు తెప్పించడానికి నానా తిప్పలూ పడుతోంది. తనకి కావలసింది తన చేతిలోనే ఉంటే, దానికి అబద్ధం నేర్పి, గవ్వలు లెక్కబెట్టి ఇచ్చింది. పిల్లల్ని దారిలో పెట్టే పిన్ని!

ఆ వెనకే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. రాలేదని చెప్తే అబద్ధమవుతుంది. ఈ సంగతి తనకీ పిల్లకీ తప్ప మూడోకంటికి తెలియదు. గిన్నెలు సంచుల్లోకి చేరిపోయాయి. ఇంకో నాలుగు రోజులు నోరు మూసుకుంటే ఆ నవ్వు ఈ గోడ అవతల మళ్ళీ ఎప్పటికీ వినపడదు. వేదవతి అలా ఆలోచిస్తూనే తలెత్తి చూసింది. హారతి ఏడుపు ఆపేసింది. కన్నార్పకుండా పిన్ని మొహమే చూస్తోంది, ఇప్పుడు చెప్పింది పిన్నికి నచ్చిందా లేదా అని. ఆ చూపు వేదవతి భరించలేకపోయింది.

దమయంతి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడింది. వచ్చాక అంతా చెప్పింది. గవ్వల సంగతి, పుట్టినరోజు సంగతి, ఏదీ దాచలేదు. దమయంతి మొహం పాలిపోయింది. "అందరి ముందు నాచేత అంత మాట అనిపించారా?" అంది. హారతి రెక్క పట్టుకుంది. "రేపట్నుంచి దీన్ని పంపను" అని పిల్లని ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. వేదవతి మేడమెట్లెక్కి విశ్వేశ్వరరావుగారికీ చెప్పింది. ఆయన అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, ఖాళీ చెయ్యక్కర్లేదని వాళ్ళతో మీరే చెప్పండి అన్నారు. వేదవతి పెరట్లోకి వెళ్ళింది.

మహేశ్వరి సంచి మూతి కడుతోంది. వేదవతి నిలబడే చెప్పింది. మహేశ్వరి వింటున్నంతసేపూ తాడు బిగిస్తూనే ఉంది. తరవాత లేచింది.

"నాకు ఎరికనే అమ్మా, ఇది పోరి మాట కాదని. పెద్దోళ్ళ మాటనే ఇది. నా మొగడు దుకాణం బంద్ పెట్టుకొని ఇండ్ల కోసం తిరుగుతుండు. నా పోరలకు బువ్వ సయిస్తలేదు. మీ కడుపు సల్లగయిందా?" గొంతు పెద్దదయింది. మేడ మీద కిటికీ తెరుచుకుంది. "చదువుకున్నోళ్ళు, పది మంది పిల్లల్ని దిద్దెటోళ్ళు! నా నవ్వుతోని మీకేం పోయింది? థూ!"

మహేశ్వరి విసురుగా లోపలికి వెళ్ళబోయి, గడప మీద ఆగింది.

"పిల్లేది?"

"వాళ్ళమ్మ తీసుకుపోయింది."

"కోపం మీద ఉన్నదా?"

వేదవతి తలూపింది.

"మరి కొట్టొద్దని చెప్పిన్రా? గంత కోపం మీదున్న మనిషి చేతికి పిల్లనిచ్చి ఈడ నిలవడ్డరా? పోన్రి! పోయి చెప్పున్రి!"

తలుపు దడాలున పడింది. ఆ మాట తనకెందుకు తోచలేదు? గేటు దగ్గర తోచలేదు, మేడమెట్ల మీద తోచలేదు. పరువు పోగొట్టుకుంటూ తను చేసిన మంచిపనినే చూసుకుంటోంది గాని, రెక్కపట్టి ఈడ్చుకుపోతున్న పిల్లని చూడలేదు. అన్నాళ్ళు ఒళ్ళో పెట్టుకున్న తనకంటే ముందు ఆ మాట ఈవిడకి తోచిందే అని, అంత అవమానంలోనూ వేదవతికి మళ్ళీ కడుపు మండిపోయింది. ఆ మంటతోనే చెప్పులైనా తొడుక్కోకుండా, కొంగు దోపుకుని, దమయంతి ఇంటివైపు పరిగెత్తింది.